కొణతం ఎత్తేవాళ్లు

పల్నాడులో యుద్ధంలో పోయినవాళ్లకు రాయి నిలబెట్టడం చాలా పాత అలవాటు. మాచర్ల అవతల నాగార్జునకొండ లోయలో, ఇక్ష్వాకుల కాలంలో, అంటే క్రీ.శ. మూడు నాలుగు శతాబ్దాల్లోనే సేనానులకూ సైనికులకూ ఛాయాస్తంభాలు ఎత్తారు. రాతి మీద బొమ్మ చెక్కి, ఇది ఫలానావాడి స్తంభమని ప్రాకృతంలో, బ్రాహ్మీ లిపిలో రాయించారు. సాగర్ నీళ్లు లోయను ముంచకముందే 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. దొరికిన వాటిలో చాలా భాగాన్ని కొండ మీది మ్యూజియంలో భద్రపరిచింది. రాళ్లు మిగిలాయి, అక్షరాలూ మిగిలాయి. అయినా ఆ పేర్లను ఇవాళ చదవగలిగేది శాసనాలు చదివే పండితులే. ఆ మనిషి మావాడని చెప్పుకునే ఇల్లు గానీ, ఊరు గానీ లేదు. అదే పల్నాడులో, నాగులేటి ఒడ్డున కారంపూడి వీరుల గుడిలో లింగాల్లాంటి రాళ్లు వరసగా ఉంటాయి. సంప్రదాయం 66 మంది వీరనాయకులని లెక్క చెబుతుంది. శిల్పకళ కోసం వెళ్లినవాడికి అక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. కానీ ఇది ఎవరి రాయి అని అడిగితే, ఎనిమిది వందల ఏళ్లు దాటాక కూడా జవాబు చెప్పే మనుషులున్నారు. ఏటా ఆ వీరుడి ఆయుధం భుజాన పెట్టుకుని వచ్చే కుటుంబాలున్నాయి. ఈ తేడా ఎక్కడ నుంచి వచ్చిందన్నదే ఈ వ్యాసంలో ప్రశ్న. కావ్యం వల్ల వచ్చిందనో, భక్తి వల్ల వచ్చిందనో సాధారణంగా చెబుతారు. ఆ రెండూ కారణాలే గాని, అసలు కారణం మరొకటని నా వాదన. కారంపూడిలో చనిపోయినవాళ్లను తలచుకోవడం ఒక మనోభావంగా కాక, పంచి ఇచ్చిన పనిగా ఉంది. ఎవరి వంతు ఏమిటో, ఏ రోజు ఏం చెయ్యాలో, చెయ్యకపోతే ఎవరు అడుగుతారో తేలిపోయి ఉంది.

యుద్ధం సంగతి తెలుగువాళ్లకు కొత్త కాదు కాబట్టి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. హైహయ వంశపు అనుగు రాజు కొడుకుల్లో నలగామ రాజు గురజాలలో, సవతి తమ్ముడు మలిదేవ రాజు మాచర్లలో రాజ్యం పంచుకున్నారు. గురజాలలో మంత్రి నాయకురాలు నాగమ్మ, మాచర్లలో బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి మలిదేవుడి పక్షం ఏడేళ్లు రాజ్యం విడిచి పోయింది. గడువు తీరాక తమ భాగం అడగడానికి రాయబారిగా వెళ్లిన అలరాజును, నలగామ రాజు సొంత అల్లుణ్ని, చర్లగుడిపాడులో విషం పెట్టి చంపించారు. ఆ తర్వాత కారంపూడి దగ్గర పోరు. పన్నెండో శతాబ్ది చివరి భాగంలో జరిగిందని చరిత్రకారులు అంటారు. ఈ పోరులో వెలనాటి చోళుల బలం దెబ్బతిని, కాకతీయులకు తీరాంధ్రం దారి సులువైందని కూడా అంటారు. రాజకీయంగా చూస్తే ఇది చిన్న సంస్థానంలో దాయాదుల తగాదా. ఇంతకన్నా పెద్ద యుద్ధాలు తెలుగు నేల మీద చాలా జరిగాయి. కృష్ణకు అటూ ఇటూ వేలమంది పడిపోయిన పోరాటాల్లో చాలావాటికి ఇవాళ శాసనంలో ఒక వాక్యం కూడా మిగల్లేదు. కాబట్టి యుద్ధం పెద్దది కనుక గుర్తుండిపోయిందనే సమాధానం ఇక్కడ చెల్లదు.

కార్తీక అమావాస్య నాడు మొదలై ఐదు రోజులు ఉత్సవం సాగుతుంది. పల్నాడులో అవి పత్తి తీతలు ముమ్మరంగా సాగే రోజులు, ఇంట్లో మనిషి ఖాళీగా దొరికే కాలం కాదు. అయినా రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ వీరాచారవంతులు తమ ఇళ్లలో ఉంచి పూజించుకునే ఆయుధాలు తీసుకుని కారంపూడి చేరతారు. ఆ ఆయుధాలనే కొణతాలు అంటారు. బ్రహ్మనాయుడి నృసింహకుంతం, అతని సేనాపతి కన్నమదాసు భైరవఖడ్గం వాటిలో అందరికీ తెలిసినవి. తొలిరోజు రాచగావు. కొణతాలను నాగులేటిలో గంగధారి మడుగు దగ్గర స్నానం చేయించి, ఊరేగింపుగా వీరుల గుడికీ, చెన్నకేశవ స్వామి గుడికీ, అంకాళమ్మ గుడికీ తీసుకెళతారు. రెండో రోజు రాయబారం, అలరాజు చావు తలచుకునే రోజు. మూడోది మందపోరు. ప్రవాసంలో ఉన్న మలిదేవుడి పశువుల మందను నాగమ్మ మనుషులు పడగొట్టిన ఘట్టమది. మందను కాస్తూ చనిపోయిన లంకన్న ఒరుగు, అంటే నేలకొరగడం, ఆ రోజే. కులాలు చూడకుండా అందరూ కలిసి తినే చాపకూడూ ఆ రోజే. నాలుగోది కోడిపోరు. ఐదో రోజు కల్లిపాడు, యుద్ధం రోజు. వీరావేశంతో కత్తులు ఝళిపించిన మనుషులు ఒకరి తర్వాత ఒకరు నేల మీద ఒరిగిపోతారు.

ఈ వరుసను ఒకసారి జాగ్రత్తగా చూడాలి. కథ ప్రకారం కోడిపందెం ముందు, దాని వల్ల ప్రవాసం, ప్రవాసంలో మందపోరు, ఆ తర్వాత రాయబారం, చివరికి యుద్ధం. ఉత్సవంలో రాయబారం రెండో రోజు వచ్చేస్తుంది, కోడిపోరు నాలుగో రోజుకు పోతుంది. కథ చెప్పడమే ఉద్దేశమైతే ఈ తారుమారు ఎవరైనా ఎప్పుడో సరిచేసేవాళ్లు. కథ తెలియనివాళ్లు కారు వాళ్లు. దీన్ని బట్టి నాకు తోచేది ఏమిటంటే, ఉత్సవం కథకు బొమ్మ కాదు. ఒక్కో రోజూ ఒక్కో పని, ఆ పనికి నియమించిన మనుషులు, ఆ పని జరిగే చోటు. కథ వేరే దారిలో నడుస్తుంది, దాన్ని పాడేవాళ్లు వేరే ఉన్నారు.

ఆ పాడేవాళ్ల సంగతి మరీ ముఖ్యం. పల్నాటి వీరుల కథను గానం చేసే వీరవిద్యావంతులు మాల కులస్థులు. పంబజోడు మోగుతుండగా, కత్తి చేతబట్టి, రాత్రంతా నిలబడి పాడతారు. వీరుల గుడి పీఠం మాత్రం తరతరాలుగా పిడుగు వంశం వారిది, బ్రాహ్మణులు. కొణతాలు మోసేవాళ్లు అనేక కులాలవాళ్లు. గుడి ఒకరిది, పాట ఒకరిది, ఆయుధం మరొకరిది. ఏ ఒక్కరు మానేసినా మిగతావాళ్ల పని ఆగుతుంది కనుక ఒకరిని ఒకరు రమ్మని పిలుచుకోక తప్పదు. ఈ పంపకం యుద్ధకథలోనే ఉంది. బ్రహ్మనాయుడు సేనాపతి పదవి ఇచ్చిన కన్నమదాసు మాలవాడు. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి వెంట తమ్ముళ్లుగా నడిచిన వాళ్లలో బ్రాహ్మణుడు అనపోతు దగ్గర నుంచి కుమ్మరి, కంసాలి, చాకలి, మంగలి దాకా ఉన్నారు. బ్రాహ్మణ హత్య పాపం తగలకూడదని బాలచంద్రుడు ఏదో నెపం పెట్టి అనపోతును దారిలో నుంచే వెనక్కి పంపేశాడనీ, తనను మినహాయించారని తెలిసి అనపోతు కత్తితో పొడుచుకుని ప్రాణం విడిచాడనీ కథ. చావులో వాటా దక్కలేదని చనిపోయిన మనిషిని గుర్తుంచుకున్న సంప్రదాయం, తలచుకోవడంలో వాటాలు వేసిందంటే ఆశ్చర్యం ఏముంది?

కావ్యం వల్ల కదా నిలిచింది అనేవారికి ఇక్కడ సమాధానం చెప్పాలి. శ్రీనాథుడి పేరుతో మంజరీ ద్విపదలో పలనాటి వీరచరిత్రము ఉంది. అది శ్రీనాథుడిదేనా అన్న అనుమానం పండితుల్లో ఇంకా తీరలేదు. అక్కిరాజు ఉమాకాంతం దాన్ని పరిష్కరించి 1911లో అచ్చు వేయించారు. అంతకుముందు చదువుకున్న తెలుగు లోకానికి ఆ కావ్యం చేతికందే గ్రంథం కాదు. అయితే 15వ శతాబ్దపు క్రీడాభిరామంలోనే ఓరుగల్లు వీధుల్లో పల్నాటి వీరుల కథ పాడే ప్రస్తావన ఉంది. అంటే పాట కావ్యం చాటున బతకలేదు. కావ్యమే పాటను చూసి పుట్టి ఉండాలి. 1982లో జీన్ రోగెయిర్ అనే అమెరికన్ పరిశోధకుడు ఈ కథను పుస్తకంగా తెచ్చినప్పుడు శ్రీనాథుడి ద్విపదను పక్కనపెట్టి, కారంపూడిలో అలిశెట్టి గాలెయ్య పాడిన పాఠాన్నే రికార్డు చేసి అనువదించాడు. ఇక సినిమా. 1947లో ఒకసారి, 1966లో ఒకసారి ‘పల్నాటి యుద్ధం’ వెండితెర మీదికి వచ్చింది. బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు తెలుగువాళ్లందరికీ ముఖాలుగా తెలిసింది దాని వల్లే. పుస్తకమైనా, సినిమా అయినా నాయకులనే బతికిస్తుంది, అది వాటి స్వభావం. మంద కాస్తూ చచ్చిపోయిన లంకన్నకు ఏడాదిలో ఒక రోజు కేటాయించింది మాత్రం కారంపూడి ఉత్సవమే. ఆ రోజు లంకన్నగా ఒరగడం ఎవరో ఒకరి పని గనుక, ఆ పేరు జారిపోలేదు.

ఇది దేవుడి పూజ, చనిపోయిన సైనికుల స్మరణ ఎలా అవుతుందని ఇంకో అభ్యంతరం. వీరులు లింగాలైపోయారు, కుంతానికి నృసింహుడి పేరు పడింది, బ్రహ్మనాయుడు విష్ణువు అవతారమయ్యాడు. మనుషులుగా వాళ్లు మాయమైపోయారు కదా అంటారు. ఇందులో నిజముంది. చరిత్ర కోరేవాడికి కారంపూడి ఇచ్చేది తక్కువే. తేదీలు చెప్పదు, సైన్యాల లెక్క చెప్పదు, చెప్పిన లెక్కలు నమ్మదగినవీ కావు. కానీ దేవుళ్లకు చేసే ఉత్సవం ఎలా ముగుస్తుందో, ఇది ఎలా ముగుస్తుందో పోల్చి చూడండి. తెలుగు దేశంలో తిరునాళ్లు కల్యాణంతోనో, రథోత్సవంతోనో, రాక్షస సంహారంతోనో ముగుస్తాయి. కల్లిపాడు మనుషులు పడిపోవడంతో ముగుస్తుంది. ఐదు రోజుల్లో ఏ రోజూ పట్టాభిషేకం లేదు. గెలుపు రోజు అంటూ ఒకటి లేదు. విషం తిన్న రాయబారి, మంద దగ్గర పడ్డ కాపరి, పందెం, చివరికి రణభూమి. దేవతల కథకు ఇలాంటి రూపం రాదు. చనిపోయినవాళ్లు చనిపోయారన్న సంగతిని ఇంత మొండిగా పట్టుకున్న ఉత్సవాన్ని స్మరణ కాదని తోసెయ్యడం కష్టం.

దాయాదుల కొట్లాటను ఏటా తిరగదోడడం పగను పెంచడమే అనే విమర్శ కూడా ఉంది. పల్నాడుకు పౌరుషం పేరుతో పడిన ముద్ర, రాజకీయ వేదికల మీద ఆ మాటను వాడుకునే తీరు చూస్తే ఈ విమర్శను తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. అయితే తప్పు ఉత్సవం మీద వెయ్యడానికి ముందు, పౌరుషం గురించి ప్రసంగించేవాళ్లు ఐదో రోజు కల్లిపాడు దాకా ఉంటారా అన్నది అడగాలి. కథలో కూడా యుద్ధం గెలిచి సుఖపడినవాడు లేడు. బిడ్డను పోగొట్టుకున్న బ్రహ్మనాయుడు నలగామ రాజుకే రాజ్యం అప్పగించి గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని చెబుతారు. పగ తీరిన కథ కాదది, పగ అందరినీ మింగిన కథ.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం వేరే ఉంది. ఇది స్వచ్ఛందమా, పుట్టుకతో నెత్తిన పడిన బరువా? వంశాన్ని బట్టి పీఠం, కులాన్ని బట్టి పాట అన్న ఏర్పాటును సేవ అని పొగడడం, కుల వ్యవస్థకు పూలదండ వెయ్యడమే కదా? చాపకూడు ఏడాదికి ఒక్క రోజు, మిగతా రోజుల్లో పల్నాటి ఊళ్లలో పంక్తి ఎలా ఉందో అందరికీ తెలుసు. ఈ మాట పూర్తిగా ఒప్పుకోవలసిందే. నేను చెప్పేది ఇంతవరకే: ఇవాళ కొణతం తీసుకుని రాకపోతే ఎవరూ జరిమానా వెయ్యరు, వచ్చినందుకు ఎవరూ జీతమివ్వరు. పుట్టుకతో వచ్చిన వంతును మోయాలా వద్దా అనేది ప్రతి తరమూ కొత్తగా తేల్చుకుంటూనే ఉంది. పైగా, వంతు అనేది పుట్టుకతోనే రావాలన్న నియమం లేదని చూపే ఉదాహరణ బెల్జియంలో ఉంది. ఈప్రె పట్టణంలో మెనిన్ గేట్ 1927లో కట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయి, సమాధి ఎక్కడో కూడా తెలియని 54 వేలమందికి పైగా సైనికుల పేర్లు, భారతీయులవీ కలిపి, దాని గోడల మీద చెక్కారు. అన్ని పేర్లు ఏ సందర్శకుడూ చదవలేడు. మరుసటి ఏడు 1928లో ఊరివాళ్లు అక్కడ సాయంత్రం లాస్ట్ పోస్ట్ అనే సైనిక బాకా పాట ఊదించడం మొదలుపెట్టారు. బాకా ఊదేది ఆ ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళంవాళ్లు. 1940 మే నెలలో జర్మన్లు పట్టణాన్ని ఆక్రమించుకునేసరికి ఆగింది. 1944 సెప్టెంబరు 6న పట్టణం విముక్తమైన సాయంత్రమే మళ్లీ మోగింది, అప్పటికి పట్టణంలో కొన్ని చోట్ల కాల్పులు ఆగనే లేదంటారు. ఆ నడుమ నాలుగేళ్లూ ఇంగ్లండులోని బ్రూక్‌వుడ్ సైనిక శ్మశానంలో ఆ వంతు నడిచింది. సాయంత్రం ఎనిమిది గంటలకు ఊదాల్సిన మనిషి ఎవరో తెలిసి ఉండడం వల్లే ఆ గోడ ఇవాళ్టికీ ఒంటరిది కాలేదు.

మన దగ్గర అదే యుద్ధం మిగిల్చిన రాళ్లను దీనితో పోల్చి చూస్తే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. 1919 తర్వాత పంజాబులోనూ, మద్రాసు ప్రెసిడెన్సీలోనూ ప్రభుత్వం ఊళ్లలో చలువరాతి పలకలు వేయించింది. వాటి మీద ఒకటే మూస: ఈ ఊరి నుంచి ఇంతమంది మహాయుద్ధానికి వెళ్లారు, వారిలో ఇంతమంది ప్రాణాలు విడిచారు. అంకె ఉంటుంది, పేరు ఉండదు. ఇంగ్లండు పల్లెల్లో అదే కాలంలో వేసిన స్తంభాల మీద మామూలు సిపాయి పేరు కూడా ఉంటుంది. ఎందుకంటే అక్కడ ఊరివాళ్లే చందాలు వేసుకుని, ఇంటింటికీ అడిగి, జాబితా రాసుకున్నారు. ఇక్కడ పలక పైనుంచి దిగింది. అవిభక్త భారతదేశం నుంచి 13 లక్షలమందికి పైగా ఆ యుద్ధంలో పనిచేశారు, 74 వేలమందికి పైగా చనిపోయారు. ఢిల్లీలో ఇండియా గేటు మీద పేర్లు 13 వేల చిల్లర మాత్రమే. కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ తానే వేసుకున్న విచారణ 2021లో ఒప్పుకున్న సంగతేమిటంటే, కనీసం 1,16,000 మంది, ఎక్కువమంది తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు వాళ్లు, పేరుతో గుర్తింపు పొందనే లేదు. సమాధుల కోసమే పుట్టిన సంస్థ, వందేళ్ల రికార్డులు, జీతం తీసుకునే సిబ్బంది ఉన్నా అంతే. కార్యాలయం నిర్లక్ష్యం అనే ఒక్కమాటతో దీన్ని ముగించలేం. కార్యాలయానికి చనిపోయినవాడు ఒక నమోదు. నమోదు తప్పితే అడగడానికి వచ్చేవాడు లేడు. కారంపూడిలో ఒక కొణతం రాకపోతే మిగతా కొణతాలవాళ్లు ఆ ఊరివాళ్లేరీ అని అడుగుతారు.

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికి మిలిటరీ మాధవరమని పేరు. ఇంటికొక సైనికుడన్న కీర్తి ఉన్న ఊరది, ఊళ్లో సైనిక స్మారకం ఉంది. తెలుగు ఊళ్లలో ఇలాంటివి మరికొన్ని వస్తున్నాయి. ఉత్సాహవంతులు పాత సర్వీసు రికార్డులు వెతికి, ఊరివాళ్ల పేర్లు తీసి పలక కడుతున్నారు. మంచి పనే. అయితే వీటిలో ఎక్కువ శ్రమ పలక దగ్గరే అయిపోతోంది: రాయి ఏది, శిలాఫలకం మీద ఎవరి పేరు పైన, ఆవిష్కరణకు ఎవరిని పిలవాలి. ఆవిష్కరించిన మర్నాటి నుంచి ఆ పేరు ఎవరి వంతు అన్నది ఎక్కడా రాసుకోరు. బడిపిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కో పేరు అప్పగించినా చాలు, దానికి ఖర్చు కూడా లేదు.

వంతుల మీద నిలబడే జ్ఞాపకానికి ఉన్న లోపం కూడా కారంపూడిలోనే కనిపిస్తుంది. ఎవరికి వంతుదారు లేడో వాళ్లు దాదాపు లేనట్టే. అక్కడ లింగాలున్నది నాయకులకు. వాళ్ల వెనక నడిచి నాగులేటి ఒడ్డున పడ్డ మామూలు బంట్లు రెండు పక్షాల్లోనూ పేరు లేకుండానే పోయారు. ఉత్సవం చూపు బ్రహ్మనాయుడి పక్షానిదే. గురజాల వైపు నుంచి వచ్చి చచ్చిపోయినవాడు ఈ ఐదు రోజుల్లో శత్రువుగా తప్ప మనిషిగా కనపడడు. ఆడవాళ్ల సంగతీ అంతే. బాలచంద్రుణ్ని యుద్ధానికి పంపిన తల్లి ఐతాంబ, కాపురం ఎరగకుండా అతన్ని సాగనంపిన భార్య మాంచాల, మగడు అలరాజు శవంతో చితికెక్కిన రత్నాల పేరమ్మ పాటలో గట్టిగానే వినిపిస్తారు. వీరవిద్యావంతుడు వాళ్ల ఘట్టాల దగ్గర గొంతు మార్చి, నెమ్మదించి పాడతాడు. కాని వాళ్లెవరూ ఆయుధం పట్టినవాళ్లు కారు. అందుకే పాట తెల్లవార్లూ సాగిన రాత్రి వాళ్లు ఉంటారు, మర్నాడు కొణతాలు కదిలినప్పుడు ఉండరు.